బేస్‌మెంట్‌లో పోసిన ఇసుక తడిసి ముద్దయింది, ఎల్లుండి పీసీసీ (ఇనుము లేని కాంక్రీట్ పొర) అంటున్నారు. పోయించాలా, ఆపాలా?

కొత్తిల్లు_కాకినాడ · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కాకినాడ శివార్లో ఇల్లు కడుతున్నాం, గ్రౌండ్ ఫ్లోర్ సుమారు వెయ్యి చదరపు అడుగులు. ప్లింత్ బీములు అయిపోయాయి, లోపల రెండడుగుల ఎత్తు ఫిల్లింగ్ ఇసుక పోశారు. కుదురుకోవాలని రెండు రోజులు పైపు పెట్టి నీళ్ళు కట్టారు. ఆ మర్నాటి నుంచి ఆరు రోజులు ఒకటే వాన. ఇవాళ వెళ్ళి చూస్తే మధ్య గదిలో చెప్పు మడమ దాకా దిగుతోంది, ఈశాన్యం మూల కాలితో నొక్కితే నీళ్ళు ఊరుతున్నాయి. కాంట్రాక్టరేమో "సోమవారం పీసీసీ వేసేద్దాం సార్, కాంక్రీట్ పడితే లోపలి తడి దానంతటదే ఆరిపోద్ది" అంటున్నాడు.

నా టెన్షన్ ఏంటంటే, ఇదే కాలనీలో మా బావగారి ఇల్లు ఉంది, నాలుగేళ్ళయింది. హాల్లో టైల్స్ మధ్య గీతలన్నీ నల్లబడ్డాయి, చలికాలం వస్తే గీతల మీద ఉప్పు తేలుతుంది, తుడిచినా వారానికి మళ్ళీ వస్తుంది. పైగా మేం పిల్లల గదిలో వుడెన్ ఫ్లోరింగ్ అనుకుంటున్నాం. ఆగితే ఎన్నాళ్ళాగాలి? అడుగున ప్లాస్టిక్ షీట్ వేస్తే సరిపోతుందా?

సైట్_బాబాయ్ · శనివారం రాత్రి 10:15

ఆపించు తమ్ముడూ. మడమ దిగుతున్న నేల మీద పీసీసీ ఏంటి?

ముప్పై ఏళ్ళుగా సైట్ల మీదే ఉన్నా. అందరూ మర్చిపోయేది ఒకటే. నాలుగు వైపులా ప్లింత్ గోడ, దాని మీద బీము కట్టాక నీ బేస్‌మెంట్ అంటే తొట్టి. నువ్వు పెట్టిన నీళ్ళూ అందులోనే, వాన నీళ్ళూ అందులోనే. కింద ఇసుక నేలైతే కొంత దిగుతుంది, బంక మట్టైతే దిగదు. పైన కాంక్రీట్ మూత పెట్టేస్తే ఆ నీళ్ళకి ఇక దారేది? పైకే.

రేపు పొద్దున ఓ పని చెయ్యి. ఆ ఈశాన్యం మూలే గడ్డపారతో మూడడుగుల చదరం గుంట తవ్వించు, ఇసుక అడుగు తగిలేదాకా. గంట ఆగి అందులో నీళ్ళు ఎంత ఎత్తు నిలిచాయో ఫొటో పెట్టు.

తాతల_నాటి_మాట · శనివారం రాత్రి 10:52

ఇంత గోలెందుకు? అమలాపురం దగ్గర మా తాతగారి ఇల్లు వరి చేల మధ్యలో ఉంటుంది. ఇసుక పోసి మీద కడప బండలు పరిచారు, ప్లాస్టిక్ లేదు, పీసీసీ లేదు. ఎనభై ఏళ్ళుగా బాగానే ఉంది. ఈ షీట్లూ మైక్రాన్లూ అమ్ముకునేవాళ్ళ మాటలు.

ల్యాబ్_మాస్టారు · ఆదివారం ఉదయం 6:30

తాతల_నాటి_మాట గారూ, మీ తాతగారి నేల బాగుండటానికి కారణం మీరే చెప్పేశారు. బండల మధ్య సందులుంటాయి, ఎక్కువ చోట్ల సున్నంతోనే పూసేవారు, కింద నుంచి వచ్చిన ఆవిరి ఇంత విస్తీర్ణంలో కొంచెం కొంచెంగా పోయేది. ఎండాకాలం పగలంతా తలుపులు బార్లా తెరిచి ఉంచేవారు కూడా. ఇప్పుడు మనం వేసే విట్రిఫైడ్ టైల్ దాని బరువులో అర శాతం కూడా నీళ్ళు పీల్చదు. టైల్‌లోంచి రాలేని తడంతా గ్రౌట్ గీతల్లోకే వస్తుంది. తడి ఆరిపోతుంది, దాంతో వచ్చిన ఉప్పు అక్కడే మిగులుతుంది. కొత్తిల్లు గారి బావగారింట్లో జరిగేది నూటికి తొంభై పాళ్ళు అదే అయ్యుండాలి.

ఇక అసలు సంగతి. ఫిల్లింగ్‌కి నీళ్ళు కావాలి, ఫ్లోర్‌కి నీళ్ళు పనికిరావు. ఈ రెండూ ఒకే ఇసుకలో జరగాలి, తిప్పలంతా ఇక్కడే. గ్రావెల్‌నో మొరాన్నో దిమ్మిస కొట్టి కుదించాలంటే తగినంత తడి ఉండాలి, మేం ల్యాబ్‌లో ఓఎంసీ అని తీసేది ఆ తడినే, భారత ప్రమాణం ఐఎస్ 2720 లో 7, 8 భాగాలు ఆ పరీక్షలకే ఉన్నాయి. తక్కువైతే గింజలు జరగవు. ఎక్కువైతే గింజల మధ్య నీళ్ళే బరువు మోస్తాయి, దిమ్మిస ఎంత కొట్టినా పరుపు మీద కొట్టినట్టు ఎగురుతుంది. శుభ్రమైన ఇసుక గుణం వేరు. పూర్తిగా పొడిగా ఉన్నా కుదురుతుంది, నిండా తడిసినా కుదురుతుంది. మధ్యలో ఐదారు శాతం తడి ఉన్నప్పుడు మాత్రం ఉబ్బుతుంది, సన్న ఇసుకైతే 30 శాతం దాకా కూడా. లారీలో వచ్చిన ఇసుక ఎక్కువగా ఆ స్థితిలోనే ఉంటుంది. అందుకే మేస్త్రీలు నీళ్ళు కట్టేది, అది తప్పు కాదు. కట్టిన నీళ్ళు బయటికి పోయే దారి చూడకపోవడమే తప్పు.

లెక్క చూడండి. వెయ్యి అడుగులు, రెండడుగుల ఎత్తు అంటే రెండు వేల ఘనపుటడుగులు, సుమారు 57 ఘనపు మీటర్లు. ఇసుక ఎంత లేదన్నా 90 టన్నులు. అందులో 10 శాతం తడి ఉందనుకున్నా 9 వేల లీటర్ల నీళ్ళు. దాదాపు రెండు ట్యాంకర్లు మీ ఫ్లోర్ కింద పెట్టి మూత వేస్తున్నారన్నమాట.

ఎంత తడి ఉందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. అడుగు లోతు నుంచి కిలో ఇసుక తీసి తూచండి. పాత మూకుట్లో వేసి సన్న సెగ మీద కలుపుతూ వేయించండి. పైన అద్దం ముక్క పెడితే ఆవిరి పట్టకుండా ఉండేదాకా. చల్లారాక మళ్ళీ తూచండి.

కొత్తిల్లు_కాకినాడ · ఆదివారం మధ్యాహ్నం 1:20

గుంట తవ్వించాను బాబాయ్. గంటకి తొమ్మిది అంగుళాలు నిలిచాయి! ఇసుక రంగు కూడా పైన పసుపు, అడుగున బూడిద రంగు. మోటారు పెట్టి తోడించాం.

మాస్టారూ, ఇసుక వేయించాను. మధ్య గదిలోది వెయ్యి గ్రాములు పెడితే 885 మిగిలింది. అంటే 11.5 శాతం కదా? ఇంట్లో ఆ మూకుడు గురించి చిన్న యుద్ధం జరిగింది, అది వేరే సంగతి.

ల్యాబ్_మాస్టారు · ఆదివారం మధ్యాహ్నం 2:05

కాదు. పోయిన నీటిని తడి బరువుతో కాదు, మిగిలిన పొడి బరువుతో భాగించాలి. 115 ని 885 తో భాగిస్తే 13 శాతం. సైట్లలో కార్బైడ్ డబ్బా ఊపి చూసే మీటర్ తడి బరువు మీద చూపిస్తుంది, ఓవెన్ లెక్క పొడి బరువు మీద ఉంటుంది. ఈ రెండూ కలిపేసి కొట్టుకునే ఇంజనీర్లని చాలామందిని చూశాను.

డాలస్_మామయ్య · ఆదివారం రాత్రి 8:10

నేను టెక్సాస్‌లో ఇరవై ఏళ్ళుగా ఫ్లోరింగ్ ఫెయిలైన చోట కారణం వెతికే పని చేస్తున్నాను. ఈ ప్రశ్న ఇక్కడా పెద్ద గొడవే, కాకపోతే ఇంకో రూపంలో.

ఒకప్పుడు అమెరికాలో ఏసీఐ (ఇక్కడి కాంక్రీట్ సంస్థ) వాళ్ళ సలహా ఎలా ఉండేదంటే, ముందు ప్లాస్టిక్ షీట్ వెయ్యండి, దాని మీద నాలుగంగుళాల సన్న గ్రాన్యులర్ ఫిల్ పరిచి కుదించండి, ఆ పైన స్లాబ్ పొయ్యండి అని. కారణం ఉంది. షీట్ మీద నేరుగా కాంక్రీట్ పోస్తే అందులోని నీళ్ళు కిందికి పోవు, పైన తేలతాయి, ఫినిషింగ్ ఆలస్యం, పైభాగం ముందు ఆరి అంచులు అప్పడంలా పైకి లేస్తాయి. మధ్యలో ఫిల్ ఉంటే అది ఆ నీళ్ళు పీల్చుకుంటుందని లెక్క, అందుకే దాన్ని అద్దుడు కాగితం పొర అనేవాళ్ళు.

కానీ సైట్‌లో ఏమయ్యేది? షీట్ వేసి పైన ఫిల్ పరిచాక వాన పడేది. లేదా దుమ్ము లేవకుండా, కుదరడం కోసం నీళ్ళు చల్లేవాళ్ళు. ఆ నీళ్ళు కిందికి పోలేవు, షీట్ పళ్ళెంలా పట్టుకుంటుంది. స్లాబ్ పోశాక నెలలూ ఏళ్ళూ ఆ తడి పైకే వచ్చి జిగురు ఊడగొట్టేది, వినైల్ ఉబ్బేది. ఇలాంటి ఫిర్యాదులు ఎక్కువై 2001 లో ఏసీఐ మాట మార్చింది. తడి పడని ఫ్లోరింగ్ వేసే చోట షీట్ మీద నేరుగా స్లాబ్ పోయమంది. 2006 లో 302.2 ఆర్ అని ఈ తరహా ఫ్లోర్ల కోసమే విడిగా ఒక గైడ్ తెచ్చింది.

కాబట్టి కొత్తిల్లు గారూ, మీ కాంట్రాక్టర్ ఎవరి దగ్గరో విని "షీట్ వేసి దాని మీద నాలుగంగుళాలు ఇసుక పరుద్దాం" అన్నాడంటే ఒప్పుకోకండి. షీట్ ఫిల్లింగ్ మీద, పీసీసీ కింద, రెండింటికీ మధ్య ఇంకేమీ ఉండకూడదు. పీసీసీ మీద టైల్ బెడ్ వస్తుంది కాబట్టి అంచులు లేచే భయం మీకు పెద్దగా లేదు, కాంక్రీట్‌లో నీళ్ళు మాత్రం గట్టిగా తగ్గించండి.

సైట్_బాబాయ్ · ఆదివారం రాత్రి 8:55

మామయ్యా, నీళ్ళు తగ్గించమని చెప్పడం తేలికే. ఇక్కడ పీసీసీ అంటే మిల్లర్‌లో (కాంక్రీట్ కలిపే మిషన్) బకెట్‌తో నీళ్ళు కుమ్మరించేస్తారు, చారులా జారితే వాళ్ళకి పని సులువు. షీట్ మీద అలాంటిది పోస్తే సాయంత్రం దాకా పైన నీళ్ళే. నేను చాలా చోట్ల షీట్ పీకించేసింది అందుకే. ఇంకో సంగతి, కూలీలు దాని మీద బొచ్చెలు ఈడుస్తారు, పారలు గుచ్చుతారు, పోసేటప్పటికి జల్లెడే.

డాలస్_మామయ్య · ఆదివారం రాత్రి 9:20

జల్లెడ సంగతి నిజం, ఇక్కడా అంతే. అందుకే మందం. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, పది మిల్ అంటే మన లెక్కలో 250 మైక్రాన్లు, ఇక్కడ మంచి కమర్షియల్ జాబుల్లో 15 మిల్ వాడుతున్నారు. షీట్‌కి ఏఎస్‌టీఎం ఈ 1745 అనే ప్రమాణం ఉంది, ఆవిరి 0.1 పెర్మ్ (ఆవిరి ఎంత దూరుతుందో చెప్పే కొలత) కంటే ఎక్కువ పోనివ్వకూడదని. అయితే షీట్ ఎంత మంచిదైనా జాయింట్ అతికించకపోతే, గోడ దగ్గర పైకి మడవకపోతే, పైపు చుట్టూ టేప్ వేయకపోతే దండగే. నేను తవ్వి చూసిన వాటిలో ఎక్కువ చోట్ల తేడా షీట్‌లో కాదు, టాయిలెట్ పైపు చుట్టూ వదిలేసిన పిడికెడు కంతలో ఉండేది.

ఎపాక్సీ_పనోడు · ఆదివారం రాత్రి 11:05

హైదరాబాద్ నుంచి. ఫార్మా యూనిట్లు, గోడౌన్లలో ఎపాక్సీ (ఫ్లోర్ మీద రెసిన్ పూత) వేస్తాం. అన్నా, మాకు తిట్లు పడేది ఈ ఫిల్లింగ్ పుణ్యమే. ఒక యూనిట్‌ల ఎపాక్సీ వేసిన ఐదు నెలలకు అద్దం లెక్క ఉన్న ఫ్లోర్ మీద అమ్మవారు పోసినట్టు పొక్కులు లేచినయ్. సూదితో గుచ్చితే చుక్క నీళ్ళు, జిగటగా. మెటీరియల్ బాలేదని మా బిల్ ఆపిన్రు. ఆఖరికి కోర్ తీస్తే స్లాబ్ కింద షీటే లేదు, మొరం అంతా బురద. వెనకాల గార్డెన్‌కు రోజూ నీళ్ళు పెడుతున్నరు, అది ఫ్లోర్ కంటే ఎత్తుల ఉంది.

అప్పటి నుంచి పని ఒప్పుకునే ముందు స్లాబ్‌ల రంధ్రం వేసి ఆర్‌హెచ్ ప్రోబ్ (లోపలి తేమ శాతం కొలిచేది) పెట్టుడే. ఒక వైపే ఆరే స్లాబ్ అయితే మందంల 40 శాతం లోతుకు పెట్టాలె, 24 గంటలు ఆగాలె. చాలా కంపెనీల జిగురులకు 75 శాతం దాటితే కష్టం. వుడెన్ వేస్తానన్న అన్న ఇది గుర్తు పెట్టుకోవాలె. పైకి పొడిగా కనబడ్డంత మాత్రాన స్లాబ్ ఆరినట్టు కాదు. షీట్ మీద పోసిన స్లాబ్ పై నుంచే ఆరుతది, అంగుళానికి నెల అని మోటు లెక్క, మన వానాకాలంల అది కూడా సరిపోదు.

తాతల_నాటి_మాట · సోమవారం ఉదయం 7:12

సరే, బండల సందుల సంగతి ఒప్పుకుంటా. కానీ మా ఇంట్లో గ్రానైట్ ఫ్లోర్ కూడా మబ్బు పట్టిన రోజు చెమర్చి జారుతుంది, కింద మాకు మొదటి అంతస్తు. దానికేమంటారు? ఇసుక లేదు కదా అక్కడ.

ల్యాబ్_మాస్టారు · సోమవారం ఉదయం 7:40

మంచి ప్రశ్న. అది కింద నుంచి వచ్చింది కాదు, గాలిలోది. రాత్రి చల్లబడిన రాయి మీదికి పొద్దున్నే సముద్రపు తేమగాలి వస్తే చల్లని చెంబు చెమర్చినట్టే చెమరుస్తుంది. కింది అంతస్తు వాళ్ళు ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. తేడా తెలియాలంటే ఉత్త కాంక్రీట్ మీద అడుగున్నర చదరం పారదర్శక షీట్ పరిచి నాలుగు పక్కలా టేప్ అంటించి కనీసం 16 గంటలు వదిలెయ్యాలి. షీట్ అడుగున చుక్కలు పట్టినా కాంక్రీట్ నల్లబడినా తడి నేలది. షీట్ పైన పడితే గదిలోది. చుక్క పట్టలేదు కాబట్టి అంతా బాగుందని మాత్రం అనుకోకూడదు, వుడెన్ లాంటి వాటికి పైన ఎపాక్సీ తమ్ముడు చెప్పిన ప్రోబే నమ్మాలి.

నల్లరేగడి_గుంటూరు · సోమవారం మధ్యాహ్నం 12:30

ఒక్కటి అడగాలి, కాకినాడ గారి నేల ఏ మట్టి? మాది నల్లరేగడి, మా అనుభవం వేరు.

మా మిర్చి గోడౌన్‌కి పునాది అయ్యాక అందరూ చెప్పినట్టు లోపల మూడడుగులు బుసక ఇసుక నింపాం. రేగడికి దూరంగా ఉంటుంది కదా అని. జరిగింది పూర్తిగా తిరగబడింది. పక్క కాలవ నీళ్ళూ, వాన నీళ్ళూ ఎక్కడ సందు దొరికితే అక్కడ బుసకలోకి దిగి మొత్తం పరుచుకున్నాయి. అంతకుముందు ఒక మూల తడిసే రేగడి ఇప్పుడు గోడౌనంతా కింద నుంచి నానింది. వానాకాలంలో ఫ్లోర్ మధ్యలో బుడిపెలా లేచింది, వేసవిలో దిగి పగిలింది. మిరపకాయ బస్తాల అడుగు వరస బూజు పట్టింది, ఘాటుకి లోపలికి వెళ్ళలేకపోయాం. తర్వాత చూసిన ఇంజనీరు చెప్పింది ఏంటంటే, ఉబ్బే మట్టి మీద ఇసుక పొర అంటే దానికి నీళ్ళు తాగించే గిన్నె. ఇలాంటి చోట ఉబ్బని బంక గుణం ఉన్న ఎర్ర గ్రావెల్‌ని పొరలు పొరలుగా కుదించాలట, సీఎన్‌ఎస్ పొర అంటారు, మన దేశంలోనే కట్టి గారు అనే ఆచార్యులు దాని మీద ఏళ్ళ తరబడి పని చేశారని చెప్పాడు.

కిందున్నది ఇసుక నేలైతే నా మాట మీకు వర్తించదు. రేగడైతే మాత్రం పైన షీట్ ఒక్కటీ చాలదు, బయట నుంచి నీళ్ళు రాకుండా చుట్టూ ఏప్రన్ (గోడ వెంట వాలుగా వేసే గచ్చు), కాలవ ముందు చూసుకోండి.

కొత్తిల్లు_కాకినాడ · సోమవారం సాయంత్రం 6:45

మాది ఇసుక కలిసిన ఒండ్రు, రేగడి కాదు. పీసీసీ ఆపించాను, కాంట్రాక్టర్ ముఖం మాడ్చుకున్నాడు. సెంట్రింగ్ వాళ్ళని వేరే సైట్‌కి పంపేశాడు.

కానీ ఒకటి అర్థం కావట్లేదు. నిన్న మధ్యాహ్నం గుంట తోడించాం, ఇవాళ పొద్దున చూస్తే మళ్ళీ ఏడంగుళాలు. రెండు రోజులుగా చినుకు లేదు. ఇదెక్కణ్ణుంచి వస్తోంది?

సైట్_బాబాయ్ · సోమవారం సాయంత్రం 7:02

చుట్టూ తిరిగి చూడు. కుళాయి, డ్రమ్ము, పక్కింటి బాత్రూం, ఏదో ఒకటి ఉంటుంది. ఇటుకలు తడిపే తొట్టి ఎక్కడ కట్టారు?

కొత్తిల్లు_కాకినాడ · సోమవారం సాయంత్రం 7:30

అయ్య బాబోయ్. ఈశాన్యం మూల ప్లింత్ గోడకే ఆనించి కట్టారు, మూడడుగుల ఎత్తు. గోడ ఒక పక్క కలిసొస్తుందని మూడు వైపులే ఇటుకలు పేర్చారు. పైపు అందులో పడేసి వెళ్ళిపోతారు, నిండి పొర్లుతూనే ఉంటుంది.

సైట్_బాబాయ్ · సోమవారం సాయంత్రం 7:34

😀 నీ దొంగ దొరికాడు. రేపు ఆ తొట్టి పగలగొట్టించి పది అడుగుల దూరంలో కట్టించు. గుంట మాత్రం పూడ్చకు, రోజూ రెండుసార్లు తోడించు. మిగతా చోట్ల పై ఆరంగుళాలు పారతో తిరగేసి ఎండనివ్వు, సాయంత్రం టార్పాలిన్ కప్పు. కప్పేటప్పుడు మధ్యలో కర్రలు పెట్టి గుడారంలా ఎత్తు, లేకపోతే నీళ్ళన్నీ టార్పాలిన్ మధ్యలో నిలిచి ఒక్కసారే లోపల పడతాయి.

ఇంకోటి, నీళ్ళు కట్టింది ఏ నీళ్ళు? ఉప్పు బోరా?

కొత్తిల్లు_కాకినాడ · సోమవారం రాత్రి 9:10

బోరు నీళ్ళే. కొంచెం ఉప్పగానే ఉంటాయి. కాంక్రీట్‌కి మాత్రం ట్యాంకర్ తెప్పిస్తున్నాం.

ల్యాబ్_మాస్టారు · మంగళవారం ఉదయం 6:15

కాంక్రీట్‌లో కలిపే నీళ్ళకి ఐఎస్ 456 లో హద్దు ఉంది. క్లోరైడ్ లీటరుకి ఇనుము ఉన్న కాంక్రీట్‌కి 500 మిల్లీగ్రాములు, ఇనుము లేనిదానికి 2000. ఫిల్లింగ్‌కి కట్టే నీళ్ళని ఎవరూ పట్టించుకోరు. కానీ అదే ఉప్పు ఇసుకలో మిగిలిపోయి, తడి పైకి వచ్చిన ప్రతిసారీ దానితోపాటు ప్రయాణిస్తుంది. మీ బావగారి గ్రౌట్ మీది తెల్లదనానికి ఆ కాలనీ బోర్లలో కొంత వాటా ఉండొచ్చు.

అందుకే షీట్‌తో సరిపెట్టకండి. ఇసుకలో నీళ్ళు వాటంతటవే పైకి ఎక్కుతాయి, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు. గింజ ఎంత సన్నగా ఉంటే అంత ఎత్తు. మీరు పోసినది ఫిల్లింగ్ ఇసుక, అంటే తువ్వ కలిసినది, రెండడుగులు ఎక్కడం దానికి పెద్ద పని కాదు. పెద్ద కంకరలో మాత్రం కొద్ది సెంటీమీటర్లకే ఆగిపోతుంది. పై నాలుగంగుళాల ఇసుక తీసేసి, ఆ చోట 20 ఎంఎం మెటల్ (కంకర), డస్ట్ లేనిది, కడిగినదైతే ఇంకా మంచిది, పరిచి ప్లేట్ కంపాక్టర్‌తో రెండు తిప్పులు తిప్పించండి. డస్ట్ ఉన్నదైతే మళ్ళీ అదే వత్తి. మెటల్ మొనలు షీట్‌ని చించకుండా పైన అంగుళం మందాన బేబీ చిప్స్ (సన్న కంకర). దాని మీద షీట్. నీళ్ళుగా ఎక్కేదాన్ని మెటల్ ఆపుతుంది, ఆవిరిగా వచ్చేదాన్ని షీట్ ఆపుతుంది, ఒకటి రెండోదాని పని చెయ్యలేదు.

చెదల మందు కొట్టించారా? ఐఎస్ 6313 ప్రకారం ఫిల్లింగ్ పైభాగానికి చదరపు మీటరుకి 5 లీటర్లు కొట్టాలి, అదీ మెటల్ పరిచే ముందే. నేల ఇలా ఊరుతున్నప్పుడు కొడితే మందు నిలవదు, ఆరాకే.

డబ్లిన్_అమ్మాయి · మంగళవారం మధ్యాహ్నం 3:50

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మెటల్ అనగానే మా ఊరి కథ గుర్తొచ్చింది. డబ్లిన్‌లో మేం కొన్న ఇంటికి లాయర్ మొదట అడిగింది పైరైట్ సర్టిఫికెట్ ఉందా అని. నాకు అర్థం కాలేదు. 2007 ప్రాంతంలో ఇక్కడ కొత్త ఇళ్ళలో ఫ్లోర్లు పైకి లేవడం, తలుపులు పట్టేయడం, గోడలు పగలడం మొదలైంది. తవ్వి చూస్తే స్లాబ్ కింద నింపిన కంకరలోనే పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంది. దానికి తడీ గాలీ తగిలితే ఆమ్లం పుడుతుంది, అది రాతిలోని సున్నంతో కలిసి జిప్సం అవుతుంది, జిప్సం చోటు చాలక పైనున్న స్లాబ్‌ని ఎత్తేస్తుంది. 2012 నాటి ప్రభుత్వ నివేదికలో 74 ఎస్టేట్లు, పన్నెండు వేల పైచిలుకు ఇళ్ళు ఇలాంటి ఫిల్ మీద ఉండొచ్చని లెక్క వేశారు. 2013 లో చట్టం చేసి ఒక బోర్డు పెట్టారు. బాగు చెయ్యడమంటే ఇంట్లోవాళ్ళని బయటికి పంపి, స్లాబ్ పగలగొట్టి, ఆ కంకర మొత్తం ఎత్తి కొత్తది నింపడమే. మా పక్క వీధి ఆవిడ కొన్ని నెలలు అద్దింట్లో ఉండి వచ్చింది.

మన గోదావరి జిల్లాల్లో వాడే మెటల్‌కి ఈ గొడవ ఉందని నేననట్లేదు. ఏ క్వారీ రాయో మాత్రం అడిగి రాసి పెట్టుకోండి.

తాతల_నాటి_మాట · మంగళవారం మధ్యాహ్నం 4:20

కంకర ఇంటిని ఎత్తేయడం ఇప్పుడే వింటున్నా. రాత్రికి నిద్ర పట్టదు నాకు.

కొత్తిల్లు_కాకినాడ · పదకొండు రోజుల తర్వాత, శనివారం ఉదయం 10:30

అప్‌డేట్ ఇస్తానన్నాను, ఇదిగో. తొట్టి మార్చిన మూడో రోజు నుంచి గుంటలో నీళ్ళు రావడం ఆగిపోయింది. మధ్యలో ఒక రాత్రి జల్లు పడింది కానీ గుడారం కాపాడింది. మొన్న మళ్ళీ ఇసుక వేయించాను. వెయ్యికి 940, పొడి లెక్కన 6.4 శాతం. పైన నడిస్తే మడమ గుర్తు కూడా పడట్లేదు. చెదల మందు అయింది. మూడున్నర ట్రాక్టర్ల మెటల్ దిగింది, అందులో ఒక ట్రాక్టర్ నిండా డస్టే, వెనక్కి పంపాను. క్వారీ పేరు అడిగితే డ్రైవర్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

షీట్ దగ్గర మాత్రం మోసపోబోయాను. షాపులో 250 మైక్రాన్లన్నాడు, ఇంటికొచ్చి చూస్తే వరి కుప్పల మీద కప్పే పల్చటి రకం, వేలు పెడితే సాగిపోతోంది. మార్చుకొచ్చాను. జాయింట్‌కి ఆరంగుళాలు ఎక్కించి రెండు వైపులా టేప్, ప్లింత్ బీము పక్కన పైకి మడత. బాత్రూం పైపుల చుట్టూ నేనే కూర్చుని టేప్ వేశాను, రెండు గంటలు పట్టింది, నడుం పట్టేసింది.

డాలస్_మామయ్య · శనివారం ఉదయం 10:58

ఆ పైపుల దగ్గర ఫొటోలు తీసి ఉంచు. వుడెన్ వేసేవాడు రేపు గొడవ పెడితే అవే నీకు సాక్ష్యం. ఫ్లోరింగ్ సంగతి కనీసం వేసవి దాకా ఎత్తకు, వేసే ముందు ప్రోబ్ పెట్టించు.

సైట్_బాబాయ్ · శనివారం ఉదయం 11:15

పోసేటప్పుడు షీట్ మీద పలకలు పరిచి వాటి మీదే బొచ్చెలు తిప్పమను. నువ్వు మిల్లర్ దగ్గర నిలబడు, మిగతావన్నీ వాళ్ళు చూసుకుంటారు, బకెట్ మాత్రం నువ్వు చూసుకో. కాంట్రాక్టర్ అలక తీరిందా?

కొత్తిల్లు_కాకినాడ · శనివారం ఉదయం 11:40

తీరినట్టే ఉంది బాబాయ్. నిన్న ఇంకో సైట్ నుంచి ఫోన్ చేసి "సార్, ఆ మూకుడు లెక్క ఒకసారి చెప్పండి, కిలోకి ఎంత మిగలాలి?" అని అడిగాడు. చెప్పాను. మూకుడు కూడా పంపేశాను, ఇంట్లో ఎలాగూ ఇక రానివ్వరు.